మేనరికపు కుటుంబంలో బీఆర్‌సీఏ1: కోనసీమ నుంచి ఒక కేస్ స్టడీ

2022 జులై మొదటి వారంలో రాజోలు వైపు ఒక లంక గ్రామం నుంచి 36 ఏళ్ల స్త్రీ ఎడమ రొమ్ములో గడ్డతో రాజమహేంద్రవరంలో నేను చూసే శస్త్రచికిత్స ఓపీకి వచ్చారు. వెంట ఆమె అత్తగారు ఉన్నారు. రోగికి తొమ్మిదేళ్ల పాప, పద్నాలుగు నెలల బాబు. బాబు ఇంకా తల్లిపాలు తాగుతున్నాడు. ఇంటిపట్టున లేసు అల్లడం ఆమె జీవనాధారం. ఈ కేసు రాయడానికి ఆమె అనుమతి ఇచ్చారు. ఊరినీ మనుషులనూ గుర్తుపట్టే వీలున్న వివరాలను మార్చాను.

బాబుకు ఎనిమిదో నెల నడుస్తున్నప్పుడు గడ్డ మొదటిసారి చేతికి తగిలిందట. ఇంట్లో అందరూ పాలగడ్డ అనుకుని వేడి కాపడం పెట్టారు. దగ్గరి పట్టణంలో ఒకచోట రెండు విడతలు యాంటీబయాటిక్స్ వాడారు. మూడోసారి వెళ్తే సిరంజితో లాగి చూశారు; చీము రాలేదు, కాస్త నెత్తుటి నీరు వచ్చింది. ఆ నీటిని స్లైడు మీద పరిచి పరీక్షకు పంపి ఉంటే నాలుగు నెలలు కలిసివచ్చేవి. పాలిచ్చే రొమ్ములో గడ్డ వస్తే నూటికి తొంభై సందర్భాల్లో అది పాలకు సంబంధించినదే కావచ్చు, కాని రెండు వారాల మందుకు తగ్గని పాలగడ్డకు అల్ట్రాసౌండ్ చేయకుండా మూడో విడత మందు రాయడం ఎవరికీ తగదన్నది నా అభిప్రాయం.

పరీక్షలో గడ్డ ఎడమ రొమ్ము పైభాగంలో, చంక వైపు, 3.8 సెంటీమీటర్ల పరిమాణంలో ఉంది. చర్మానికి గాని ఛాతీ కండరానికి గాని అంటుకోలేదు. చంకలో కదిలే గ్రంథి ఒకటి తగిలింది. అల్ట్రాసౌండ్‌లో గడ్డ అంచులు నునుపుగా, గుండ్రంగా కనిపించాయి. రొమ్ము క్యాన్సర్ అనగానే ముళ్లలాంటి అంచులను ఊహించుకునే కళ్లకు ఇది ఫైబ్రోఎడినోమా అనే క్యాన్సర్ కాని గడ్డ లాగే ఉంటుంది. బీఆర్‌సీఏ1 అనే జన్యువులో లోపంతో వచ్చే కణితులు తరచుగా ఈ నునుపు వేషంలోనే వస్తాయి. మా గోదావరి జిల్లాల్లో మరో వేషమూ ఉంది. ఫైలేరియా పాతుకుపోయిన ప్రాంతం కావడంతో బోదకాలే కాక, రొమ్ములో ఫైలేరియా పురుగు చుట్టూ కట్టిన గడ్డలనూ అప్పుడప్పుడు చూస్తుంటాం. కాబట్టి ఇక్కడ గడ్డను చేత్తో తడిమి పేరు పెట్టడం రెట్టింపు ప్రమాదం. ట్రూకట్ బయాప్సీ (లావు సూదితో ముక్క తీసి పరీక్షించడం) తప్పనిసరి అని చెప్పి తరువాతి వారానికి తేదీ ఇచ్చాను.

ఆ తేదీకి ఆమె రాలేకపోయారు. 2022 జులై మధ్యలో గోదావరి ఉప్పొంగి, భద్రాచలం దగ్గర 71 అడుగులు దాటి, ధవళేశ్వరం నుంచి 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సముద్రంలోకి పోయిన రోజులవి. లంకలన్నీ నీట మునిగాయి. ఆమె కుటుంబం ఏటిగట్టు మీద గుడారంలో పది రోజులు గడిపింది. జులై చివర్లో బయాప్సీ చేశాం. 14 గేజ్ సూదితో ఐదు ముక్కలు తీసి, అక్కడికక్కడే పది శాతం బఫర్డ్ ఫార్మలిన్‌లో వేశాం. ఈ చిన్న విషయాన్ని ప్రత్యేకంగా రాయడానికి కారణం ఉంది: స్పిరిట్‌లోనో సెలైన్‌లోనో వేసి బస్సులో పంపిన ముక్కలు నా దగ్గరకు ఇప్పటికీ వస్తూనే ఉన్నాయి. ముక్క కనీసం ఆరు గంటలు, గరిష్ఠంగా 72 గంటలు ఫార్మలిన్‌లో ఉంటేనే హార్మోన్ గ్రాహకాల పరీక్షను నమ్మవచ్చు. సరిగ్గా నిలవచేయని ముక్క మీద వచ్చిన 'ఈఆర్ నెగటివ్' (ఈస్ట్రోజన్ గ్రాహకం లేదు) అనే మాట నిజానికి రోగి గురించి చెబుతోందో, సీసా గురించి చెబుతోందో తేల్చలేం.

ఆమె విషయంలో ఆ అనుమానానికి చోటు లేదు. మూడో గ్రేడు ఇన్వేసివ్ డక్టల్ కార్సినోమా, అంటే పాలనాళాల్లో మొదలై చుట్టూ చొచ్చుకుపోయే క్యాన్సర్. ఈఆర్, పీఆర్ (ప్రొజెస్టిరాన్ గ్రాహకం) రెండూ సున్నా. హెర్2 అనే ప్రోటీను స్కోరు 1, అంటే నెగటివ్. కణాలు విభజన చెందే జోరును చూపే కెఐ-67 డెబ్భై శాతం. చంక గ్రంథి నుంచి సూదితో తీసిన నమూనాలోనూ క్యాన్సర్ కణాలు కనిపించాయి. సీటీ, ఎముకల స్కాన్‌లలో వ్యాధి ఇతర అవయవాలకు పాకిన జాడ లేదు. దశ టీ2 ఎన్1 (మధ్యస్థ పరిమాణపు కణితి, చంక గ్రంథికి పాకింది); ట్రిపుల్ నెగటివ్, అంటే ఈఆర్, పీఆర్, హెర్2 మూడూ నెగటివ్.

వంశవృక్షం

మొదటి రోజు కేస్‌షీటులో 'కుటుంబ చరిత్ర: ఏమీ లేదు' అని ఉంది. రాసింది నేనే. "మీ ఇంట్లో ఎవరికైనా క్యాన్సర్ వచ్చిందా అమ్మా?" అని అడిగాను, "మా ఇళ్లలో అలాంటియ్యేం లేవండి" అని ఆమె చెప్పారు. ఆమె అబద్ధమాడలేదు, నేను అడగవలసినట్టు అడగలేదు.

ట్రిపుల్ నెగటివ్ అని తేలాక, వయసు కూడా 36 కావడంతో, జన్యు పరీక్షకు ముందు మూడు తరాల వంశవృక్షం గీయడానికి కూర్చున్నాం. ఈసారి క్యాన్సర్ అనే మాట ఎత్తకుండా, ఎవరు ఏ వయసులో, ఎలా పోయారో అడుగుతూ వచ్చాను. తల్లి వైపు అంతా దీర్ఘాయువులే. తండ్రి వైపు వచ్చేసరికి ఆమెకు పెద్దగా తెలియదు. నాయనమ్మ తను పుట్టకముందే పోయిందట. అప్పటిదాకా బల్ల మీద మౌనంగా కూర్చున్న అత్తగారు అందుకుని, "మా అమ్మ కడుపు నీరు పట్టి పోయిందండి. యాభై రెండేళ్లు. కామెర్లని పసరు పోయించారు, నాలుగుసార్లు నీరు తీశారు, ఏం లాభం లేదు. మా అక్కకి మాత్రం రాచపుండు లేచిందండి, రొమ్ము మీద. నలభై నాలుగో ఏట పోయింది," అన్నారు.

నా కలం ఆగిపోయింది. నేను అడుగుతున్నది రోగి నాయనమ్మ గురించి. జవాబు చెబుతున్నది రోగి అత్తగారు, 'మా అమ్మ' అంటూ. "ఈ పిల్ల నాన్న మా అన్నయ్యేనండి," అని ఆమె నా అయోమయం చూసి నవ్వారు. రోగి పెళ్లాడినది మేనత్త కొడుకును. నెల రోజులుగా నేను 'అత్తగారు' అని పిలుస్తూ, అత్తింటి మనిషిగా లెక్కకట్టి, ఒక్క ప్రశ్న కూడా అడగని ఆమె రోగికి రక్తసంబంధంలో మేనత్త.

ఇందులో నా తప్పును కాస్త విప్పి చెప్పాలి. కుటుంబ చరిత్ర కోసం మేము వాడే అచ్చు పత్రాలన్నీ వైవాహిక బంధువులను పక్కన పెట్టి, రక్తసంబంధీకులను మాత్రమే నింపమంటాయి. మేనరికం మామూలైన మన ఇళ్లలో ఆ గీత నిలవదు. అత్త అనే ఒక్క మాటలో తండ్రి అక్కచెల్లెళ్లూ, భర్త తల్లీ ఇద్దరూ ఉంటారు, ఒక్కోసారి ఆ ఇద్దరూ ఒక్కరే అవుతారు. రెండో తప్పు మరింత పాతది: రొమ్ము క్యాన్సర్ ఆడవాళ్ల జబ్బు కాబట్టి తల్లి, పెద్దమ్మ, పిన్ని, అమ్మమ్మలను అడిగి ఊరుకోవడం. బీఆర్‌సీఏ1 పదిహేడో క్రోమోజోము మీది జన్యువు, దానికి లింగభేదం లేదు. తండ్రి ఎంత ఆరోగ్యంగా ఉన్నా సగం అవకాశంతో కూతురికి అందిస్తాడు. ఇక మూడోది, మా వాళ్లు ఆ జబ్బుకు పెట్టుకున్న పేర్లు. రాచపుండు వేరు, క్యాన్సర్ వేరు అని ఆ తరం నిజంగానే అనుకుంది. కడుపులో నీరు చేరడం కాలేయం జబ్బే అనుకుంది. కాలేయం జబ్బుకు ఇతర ఆధారాలేవీ లేకుండా యాభై ఏళ్ల స్త్రీకి పొట్టలో నీరు చేరిందంటే అండాశయ క్యాన్సర్‌ను ముందు వరుసలో ఉంచాలి. రొమ్ము క్యాన్సర్, అండాశయ క్యాన్సర్ ఒకే వంశంలో నడిస్తే బీఆర్‌సీఏ జన్యువులు గుర్తుకు రావలసిందే.

నాయనమ్మ జబ్బును ఇప్పుడు రుజువు చేయలేం. కాగితాలు లేవు, స్లైడు లేదు. అయినా వంశవృక్షంలో ఆమె వృత్తాన్ని సగం నింపి, పక్కన ప్రశ్నార్థకం పెట్టాను. రోగికీ భర్తకూ మధ్య గీతను, రక్తసంబంధీకుల పెళ్లికి గుర్తుగా, జంటగీతగా దిద్దాను.

పరీక్ష, ఫలితం

ఊదారంగు మూత ఉన్న ఈడీటీఏ ట్యూబులో నాలుగు మిల్లీలీటర్ల రక్తం హైదరాబాదులోని ప్రయోగశాలకు వెళ్లింది. బహుజన్యు ప్యానెల్‌తో పాటు పెద్ద తునకల లోపాలను పట్టే ఎంఎల్‌పీఏ కూడా అడిగాను. జన్యువు అక్షరాలను వరసగా చదివే సీక్వెన్సింగ్ ఒక్కటే అడిగితే ఒక పూర్తి ఎగ్జాన్ (జన్యువులో ప్రోటీను సంకేతం ఉండే ముక్క) పోయిన కుటుంబాలు 'నెగటివ్' అని ఇంటికి వెళ్లిపోయే ప్రమాదం ఉంది. రొమ్ము క్యాన్సర్ వంశపారంపర్యాన్ని అమెరికా జన్యుశాస్త్రవేత్త మేరీ క్లెయిర్ కింగ్ బృందం 1990లో పదిహేడో క్రోమోజోము దాకా తీసుకొచ్చింది. 1994లో జన్యువు చేతికి చిక్కింది. దాని మీది పేటెంటు హక్కులను అమెరికా సుప్రీంకోర్టు 2013లో కొట్టివేసింది. ఆ తీర్పూ, సీక్వెన్సింగ్ ఖర్చు పడిపోవడమూ కలిసి రాకపోతే, లేసు అల్లే కుటుంబం ఈ పరీక్షకు డబ్బు కూడబెట్టుకోగలగడం ఊహకు అందని విషయం.

నాలుగు వారాలకు నివేదిక వచ్చింది. బీఆర్‌సీఏ1లో 185డెల్ఏజీ, నేటి నామకరణంలో సి.68_69డెల్ఏజీ: రెండో ఎగ్జాన్‌లో రెండే రెండు అక్షరాలు లోపించాయి. జన్యు సందేశాన్ని కణం మూడేసి అక్షరాలుగా చదువుతుంది కాబట్టి, రెండు పోతే అక్కడి నుంచి ప్రతి మాటా తప్పుతుంది. కొద్ది దూరంలోనే ఆగమనే సంకేతం తగిలి ప్రోటీను అర్ధాంతరంగా నిలిచిపోతుంది. ఈ మార్పు అష్కెనాజీ యూదులలో వందలో ఒకరికి ఉంటుందని వైద్య పుస్తకాలు చెబుతాయి. దక్షిణ భారత కుటుంబాల్లోనూ ఇది పదేపదే నమోదైంది. కాబట్టి కోనసీమలో దీన్ని చూసి వింతపడనక్కర్లేదు. ఇది వ్యాధికారకమే అనడంలో సందేహం లేదు.

నివేదిక రెండో పేజీలో ఏటీఎం జన్యువులో 'ప్రాముఖ్యం తేలని మార్పు' అని మరొకటి ఉంది. చదువుకున్న బంధువు ఒకాయన దాన్ని ఇంటర్నెట్‌లో వెతికి ఇల్లంతా భయపెట్టారు. భారతీయుల జన్యు సమాచారం అంతర్జాతీయ భాండాగారాల్లో తక్కువగా ఉండడం వల్ల ఇలాంటి తేలని మార్పులు మన నివేదికల్లో ఎక్కువగా కనిపిస్తాయి. వాటి ఆధారంగా ఏ చికిత్సా చేయకూడదు, ఏ బంధువునూ పరీక్షించకూడదు. ఆ పేజీ విషయం మాట్లాడడానికి నాకు మొదటి పేజీ కంటే ఎక్కువ సమయం పట్టింది.

చికిత్స

ముందు కీమోథెరపీ, తరువాత శస్త్రచికిత్స అని నిర్ణయించాం. కణితిలోనూ చంక గ్రంథిలోనూ చిన్న లోహపు క్లిప్పులు ఉంచాం. కీమోకు ముందు పాలు మాన్పించవలసి వచ్చింది. పాలు ఇంకడానికి కాబెర్గోలిన్ ఇచ్చాం. ఆ వారం ఆమెకు మొత్తం చికిత్సలోకెల్లా కష్టమైన వారం అని తరువాత చెప్పారు. గుండెకు ఎకో పరీక్ష చూసుకుని, రెండు వారాలకొకసారి చొప్పున డాక్సోరూబిసిన్, సైక్లోఫాస్ఫమైడ్ నాలుగు విడతలు. ఆపైన వారానికోసారి పాక్లిటాక్సెల్, కార్బోప్లాటిన్. ఒంటి రోగనిరోధక శక్తిని క్యాన్సర్ మీదికి మళ్లించే పెంబ్రోలిజుమాబ్ చేర్చితే ఫలితం మెరుగని కీనోట్-522 పరిశోధన చెబుతుంది, అది మాకు తెలుసు. ఆ ధర ఈ కుటుంబానికి పొలం అమ్మినా అందదు. కార్బోప్లాటిన్ విషయంలో మాత్రం మన దేశం నుంచే బలమైన ఆధారం వచ్చింది. ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు ఏడువందల మందికి పైగా ట్రిపుల్ నెగటివ్ రోగుల్లో చేసిన పరిశోధనను 2022 డిసెంబరులో శాన్ ఆంటోనియో సదస్సులో వెల్లడించారు. యాభై ఏళ్లలోపు స్త్రీలలో వారంవారం కార్బోప్లాటిన్ చేర్చినవారిలో ఐదేళ్లకు 77 శాతం, చేర్చనివారిలో 66 శాతం జీవించి ఉన్నారు. ఆ మాట విన్ననాటికి మా రోగికి అదే మందు నడుస్తోంది. చౌకైన, పాత మందు అది.

పాక్లిటాక్సెల్ ఎనిమిదో వారంలో ఆమె వేళ్ల కొనలు మొద్దుబారడం మొదలైంది. చొక్కా గుండీ పెట్టుకోగలుగుతున్నారా అన్నది మేము మామూలుగా అడిగే ప్రశ్న. ఆమె పెట్టుకోగలుగుతున్నారు. కాని క్రోషియా సూదికి దారం చిక్కించడం కుదరడం లేదని, ముడి పడిందో లేదో వేలికి తెలియడం లేదని చెప్పారు. మా కొలతపట్టీ ప్రకారం అది తేలికపాటి నరాల బాధే. ఆమె వృత్తి ప్రకారం తీవ్రమైనది. పదో వారం తరువాత పాక్లిటాక్సెల్ ఆపేశాం. మిగిలిన రెండు వారాలూ ఇచ్చి ఉండాల్సిందా అని నాకు ఇప్పటికీ అప్పుడప్పుడు అనిపిస్తుంది.

2023 జనవరి చివర్లో శస్త్రచికిత్స. రొమ్ము నిలుపుకునే శస్త్రచికిత్స సాధ్యమేనని, నలభై ఏళ్లలోపు 2,733 మంది స్త్రీలను గమనించిన బ్రిటిష్ 'పాష్' పరిశోధనలో బీఆర్‌సీఏ లోపం ఉన్నవారి ఆయుర్దాయం లేనివారికంటే తగ్గలేదని, అయితే బీఆర్‌సీఏ1 స్త్రీలకు ఇరవై ఏళ్లలో రెండో రొమ్ముకూ వ్యాధి వచ్చే అవకాశం దాదాపు నలభై శాతమని చెప్పాను. ఆమె ఎడమ రొమ్మును తీయించుకోవడానికి ఒప్పుకుని, కుడిదాని మాట తరువాత చూద్దామన్నారు. ఇంట్లో వారి భయమంతా చెయ్యి వాపు మీదే: బోదకాలు చూసి పెరిగిన ఊళ్లలో 'చంకలో గ్రంథులు తీస్తాం' అనగానే చేతికి బోద వస్తుందేమోనని అడుగుతారు. కీమోకు చంక గ్రంథి బాగా కుంచించుకుపోవడంతో, క్లిప్పు ఉన్న గ్రంథితో కలిపి నాలుగింటిని మాత్రమే తీశాం. వాటిలో క్యాన్సర్ చచ్చిన మచ్చ తప్ప బతికిన కణం లేదు. రొమ్ములో మాత్రం ఏడు మిల్లీమీటర్ల వ్యాధి మిగిలింది. తరువాత మూడు వారాల్లో పదిహేను విడతల రేడియేషన్ ఇచ్చాం.

వ్యాధి మిగలడం మంచి వార్త కాదు. అయితే బీఆర్‌సీఏ1 లోపం తెలిసి ఉండడం ఇక్కడే పనికొచ్చింది. రెండు పోగుల డీఎన్‌ఏ తెగితే తప్పులేకుండా అతికే పని బీఆర్‌సీఏ1ది. అది లేని కణం పార్ప్ అనే మరో మరమ్మతు మార్గం మీద ఆధారపడి బతుకుతుంది. ఆ రెండో దారినీ మూసేస్తే క్యాన్సర్ కణం చస్తుంది, ఒక మంచి ప్రతి మిగిలి ఉన్న మామూలు కణం తట్టుకుంటుంది. ప్రయోగశాలలో 2005లో తేలిన ఈ సూత్రం, 1,836 మందితో జరిగిన ఒలింపియా పరిశోధన ద్వారా 2021లో తొలిదశ రోగుల దాకా వచ్చింది: పార్ప్‌ను అడ్డుకునే ఒలాపరిబ్ మాత్రలను ఏడాది వాడినవారిలో మూడేళ్లకు వ్యాధి తిరగబెట్టకుండా ఉన్నవారు 85.9 శాతం, డమ్మీ మాత్ర వాడినవారిలో 77.1 శాతం. ఖర్చు సర్దుబాటుకు కొన్ని వారాలు పట్టినా, 2023 మేలో మందు మొదలుపెట్టగలిగాం. మూడో నెలలో హిమోగ్లోబిన్ 7.6కు పడిపోయింది. రక్తం ఎక్కించి, మోతాదు పూటకు 300 నుంచి 250 మిల్లీగ్రాములకు తగ్గించి, రోజుకు రెండుసార్లు చొప్పున ఏడాదంతా నడిపించాం.

బంధువులు

రోగి ఫలితం వచ్చిన నాటి నుంచి ఈ కేసు ఒక్కరిది కాకుండా పోయింది. తండ్రిని పరీక్షించాం: అదే మార్పు ఉంది. మేనత్తను, అంటే అత్తగారిని పరీక్షించాం: ఆమెకూ ఉంది. 59 ఏళ్ల వయసులో ఆమెకు ఏ జబ్బూ లేదు. "ఇప్పుడు నాకేం చేస్తారు బాబూ?" అని అడిగారు. మామోగ్రాములో ఏమీ కనిపించలేదు. బీఆర్‌సీఏ1 ఉన్న స్త్రీకి ఎనభై ఏళ్లలోపు అండాశయ క్యాన్సర్ వచ్చే అవకాశం సుమారు 44 శాతమని, దాన్ని ముందుగా పట్టే నమ్మకమైన పరీక్ష ఏదీ లేదని చెప్పాం. ఆమె వారం రోజుల్లోనే అండాశయాలు, ఫలోపియన్ నాళాలు తీయించుకోవడానికి సిద్ధపడ్డారు. తన తల్లికి నాలుగుసార్లు నీరు తీసినప్పుడు గది బయట కూర్చున్నది ఆమె. నాళాల చివర్లను సన్నగా తరిగి పూర్తిగా చూడమని పాథాలజిస్టుకు ప్రత్యేకంగా రాశాం. అక్కడ దాగిన క్యాన్సర్ కనిపించలేదు.

అత్తగారికి ఉందంటే రోగి భర్తకూ సగం అవకాశం. అతనికీ ఉంటే పిల్లలకు రెండు వైపుల నుంచీ లోపం చేరే వీలుంది. బీఆర్‌సీఏ1 రెండు ప్రతులూ చెడిన పిండాలు చాలావరకు నిలవవు, నిలిచిన అతికొద్ది మందిలో ఫాంకోని రక్తహీనత వంటి వ్యాధి వర్ణించబడింది. పిల్లలిద్దరి మధ్య తనకు ఒక గర్భం పోయిందని, అదీ దీనివల్లేనా అని రోగి అడిగారు. భర్త ఫలితం నెగటివ్ అని వచ్చాక ఆ ప్రశ్నకు కచ్చితమైన జవాబు దొరికింది: కాదు. పిల్లలకు మాత్రం చెరి సగం అవకాశం ఉంది. పెద్దవాళ్లయ్యాక వాళ్లే నిర్ణయించుకోవాలి కాబట్టి ఇప్పుడు పరీక్షించలేదు.

చిక్కంతా కుండమార్పిడిలో వచ్చింది. రోగి తమ్ముడికి, భర్త చెల్లెలికి పెళ్లి ఖాయమై ఉంది. అతనికి తండ్రి నుంచి సగం, ఆమెకు తల్లి నుంచి సగం అవకాశం. ఇద్దరికీ ఉండే అవకాశం నాలుగో వంతు, ఆపైన ఒక్కో గర్భంలో బిడ్డకు రెండు చెడ్డ ప్రతులు చేరే అవకాశం అందులో మళ్లీ నాలుగో వంతు, అంటే మొత్తం మీద పదహారో వంతు. తమ్ముడు పరీక్ష చేయించుకుంటే పాజిటివ్ వచ్చింది. దాంతో పదహారో వంతు ఎనిమిదో వంతైంది. అతను ఆ కాగితం తీసుకుని, "ఇది మా మరదలికి మీరు చెబుతారా, నన్నే చెప్పమంటారా?" అని అడిగాడు. అతని అనుమతి లేకుండా చెప్పే హక్కు నాకు లేదని, ఆమె పరీక్ష చేయించుకోవాలో వద్దో ఆమె ఇష్టమని, మేనరికం వల్ల క్యాన్సర్ పుట్టదని, ఒకే లోపం రెండు ఇళ్లలో కాక ఒకే కప్పు కింద చేరుతుందని చెప్పాను. పెళ్లి మానమనలేదు. పెద్దలు మానేయమంటారేమోనని ఇద్దరూ భయపడ్డారు. పెద్దలు ఒకసారి ఆసుపత్రికి వచ్చి రెండు గంటలు కూర్చుని, ఏమీ అనకుండా వెళ్లారు.

2024లో ఆ పెళ్లి జరిగింది. అమ్మాయి పరీక్ష చేయించుకున్నారు. ఆమె ఫలితాన్ని ఇక్కడ రాయడానికి ఒప్పుకోలేదు కాబట్టి రాయడం లేదు.

రోగి విషయానికి వస్తే, ఒలాపరిబ్ పూర్తయ్యాక 2024 ఆగస్టులో, 38 ఏళ్ల వయసులో, అండాశయాలు తీయించుకున్నారు. ఒంట్లో ఆవిర్లు ఇబ్బంది పెడుతున్నాయి. ఎముకల సాంద్రత చూసి కాల్షియం, డి విటమిన్ ఇస్తున్నాం. కుడి రొమ్ముకు ఏటా ఎంఆర్ఐ, మామోగ్రాము జరుగుతున్నాయి. దాన్ని తీయించుకోవడం గురించి ఇంకా తేల్చుకోలేదు, మేమూ తొందరపెట్టడం లేదు. చివరిసారి చూసినప్పుడు శస్త్రచికిత్స జరిగి రెండున్నరేళ్లు కావస్తోంది, వ్యాధి జాడ లేదు, చెయ్యి వాయలేదు. వేళ్ల మొద్దుబారుదనం చాలావరకు తగ్గింది. లావు దారంతో టేబుల్ కవర్లు అల్లుతున్నారు. సన్న దారం పని మాత్రం అత్తగారే చేస్తున్నారట.